దెబ్బ తిన్న పిల్లికి కట్టిన గుడి

జపాన్ ఈశాన్య తీరంలో, మియాగి ప్రిఫెక్చర్ (జపాన్‌లో ఒక పరిపాలనా విభాగం)లోని ఇషినోమాకి పట్టణానికి ఎదురుగా, పసిఫిక్ సముద్రంలో తషిరోజిమా అనే దీవి ఉంది. చుట్టుకొలత 11 కిలోమీటర్ల పైచిలుకు. ఇషినోమాకిలో పడవ ఎక్కితే గంట అటూ ఇటూగా చేరుకోవచ్చు. దీవి మొత్తానికి రెండే రేవులు: ఒడోమారి, నిటోడా. ఈ రెండు ఊళ్లనూ కలిపే దారి పక్కన, చెట్ల మధ్య, జపాన్ సంప్రదాయ మతమైన షింటోకు చెందిన ఒక చిన్న గుడి ఉంది. గోపురం, మండపం లాంటివి ఊహించుకుని వెళ్తే నిరాశ తప్పదు. మనిషి లోపలికి దూరేంత చోటు కూడా లేని చెక్క గూడు అది. పూజారి ఉండడు, టికెట్టు లేదు, ప్రసాదం కౌంటరు అంతకన్నా లేదు. గూటి ముందు వచ్చినవాళ్లు పెట్టిపోయిన పిల్లి బొమ్మలు చిన్నా పెద్దా కలిసి వరస తప్పి నిలబడి ఉంటాయి. లోపల కొలువైన దేవుడు కూడా పిల్లే.

దీవికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఈ గూటి కోసం రారు. నిటోడా రేవులో దిగగానే గట్టు మీద, పడవల నీడన, ఇళ్ల అరుగుల మీద పడుకున్న పిల్లులు కనిపిస్తాయి. ఫోన్లు బయటికొస్తాయి. తిరుగు పడవ వేళయ్యేదాకా పొద్దు అక్కడే గడిచిపోతుంది. మనుషులకంటే పిల్లులే ఎక్కువున్న దీవిగా తషిరోజిమాకు ప్రపంచమంతా పేరుంది. ఆ పిల్లులకు అక్కడ అంత చనువు ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియాలంటే మాత్రం అరగంట లోపు నడిచి ఆ గూటి దాకా వెళ్లాలి.

గుడి కథ చేపల వేటతో మొదలవుతుంది. ఈ దీవి చుట్టూ ఒకప్పుడు పెద్ద పెద్ద స్థిర వలలు వేసేవారు. పడవ మీద తీసుకెళ్లి విసిరి లాగే వల కాదిది. చేపల గుంపులు తీరం వెంట వచ్చే దారి చూసుకుని, అక్కడ వలను పాతినట్టుగా నిలబెట్టేస్తారు. అది ఆటుపోట్లకు కొట్టుకుపోకుండా అడుగున బరువు కట్టాలి. ఇనుము కొనే స్తోమత లేని కాలంలో ఆ బరువు రాళ్లే. అందుకని వల వేసే ముందు ఒడ్డున బండలు పగలగొట్టడం ఒక పెద్ద పని. అలా కొడుతున్న రోజుల్లో ఒకనాడు రాతి ముక్క ఎగిరి పక్కనున్న పిల్లికి తగిలింది. అక్కడికక్కడే చచ్చిపోయిందని ఒక కథనం, గాయపడిందని ఇంకో కథనం. పని చేయిస్తున్న వల పెద్దకు మనసు చివుక్కుమంది. ఆ పిల్లిని అక్కడే దేవుడిగా నిలిపి మొక్కాడు. ఆ తర్వాత వలలు నిండాయట, పనిలో ప్రమాదాలు ఆగిపోయాయట.

కథ ఇంతే. కానీ ఇందులో సంఘటనల వరస మామూలు స్థలపురాణాల వరసకు తిరగబడి ఉంది. దేవుడు కలలో కనపడలేదు. పిల్లి ఎవరి ప్రాణమూ కాపాడలేదు, ఏ నిధీ చూపించలేదు. అది చేసిందల్లా రాళ్లు కొట్టేచోట ఉండటమే. చేపలు పడటం గుడి కట్టాక జరిగిన సంగతి, గుడికి కారణం కాదు. గుడికి కారణం ఒక పని ప్రమాదం. చేసినవాడికి ఆ ప్రాణి మీద ద్వేషం లేదు, కావాలని కొట్టలేదు. అయినా తన పొట్టకూటి పనిలో దానికి దెబ్బ తగిలింది కాబట్టి ఆ లెక్క తన ఖాతాలోనే పడుతుందనుకున్నాడు. పిల్లుల మీద ప్రేమకు గుర్తుగా ఈ గుడిని చూపించే పర్యాటక ప్రచారాలన్నీ ఈ అపరాధ భావాన్ని కడిగేసి మిగతాది చెబుతుంటాయి. కడిగేశాక మిగిలేది ముద్దుగానే ఉంటుంది గానీ, ఆ ముద్దు కోసం ఏ వల పెద్దా గుడి కట్టడు.

జపాన్ తీరమంతా ఇలాంటి మనస్సాక్షి గుర్తులు కనిపిస్తాయి. యమగుచి ప్రిఫెక్చర్‌లోని నగాతోలో 1692లో తిమింగలాలకు కట్టిన సమాధి ఒకటుంది. వేటాడిన తల్లి తిమింగలాల కడుపులో దొరికిన పిల్లల్ని అక్కడ పూడ్చి ప్రార్థనలు చేశారు. అది బౌద్ధుల చేతుల్లోది, తషిరోజిమా గూడు షింటోది. అయితే జాలరి మనసు ఏ మతమని అడిగి బాధపడదు.

ఒక వల పెద్ద తనంతట తాను పిల్లిని దేవుడిగా నిలిపేయవచ్చా అన్న సందేహం మనకు రావడం సహజం. షింటోలో దానికి అడ్డు లేదు. ఎవరు దేవుడో తేల్చి ముద్ర వేసే పీఠం అంటూ ఆ సంప్రదాయంలో ఒకటి లేదు. 18వ శతాబ్ది పండితుడు మోటూరి నోరినాగ ఇచ్చిన నిర్వచనం ఇప్పటికీ అందరూ చెప్పుకునేదే: మామూలుకు మించిన శక్తితో మనిషిలో భయభక్తులు పుట్టించేది ఏదైనా 'కామి'యే (షింటోలో దేవుడికి వాడే మాట), అందులో మనుషులతోపాటు పక్షులు, జంతువులు, చెట్లు, కొండలు, సముద్రాలు అన్నీ వస్తాయి. మంచిదే కానక్కర్లేదు, చెడ్డదైనా కామి కావచ్చు. ఈ చివరి మాట పిల్లుల విషయంలో చాలా ముఖ్యం.

ఎందుకంటే జపాన్ పిల్లికి రెండో ముఖం ఉంది. ముసలిదైన పిల్లి తోక చీలి మాయపిల్లిగా మారుతుందని, పగబడితే వంశాల్నే కూలదోస్తుందని ఎడో కాలంలో (1603–1868) కథలు కథలుగా చెప్పుకునేవారు. తోకుషిమా ప్రిఫెక్చర్ అనాన్‌లో ఉన్న ఒమాత్సు దైగోంగెన్ అచ్చంగా ఈ పగ మీద నిలబడ్డ గుడి. ఒమాత్సు అనే ఆవిడ కుటుంబం తీర్చేసిన అప్పును తీర్చలేదని ఒక ధనవంతుడు బుకాయించాడు. ఆవిడ న్యాయాధికారి దగ్గరికెళ్తే అతను లంచం మేసి కేసును తారుమారు చేశాడు. గత్యంతరం లేక నేరుగా ప్రభువుకే మొర పెట్టుకుంది. అలా మొర పెట్టడమే అప్పట్లో నేరం. 1686లో ఆవిడకు మరణశిక్ష వేశారు. ఆవిడ పెంచుకున్న మూడు రంగుల పిల్లి మాయపిల్లిగా మారి ఆ ఇద్దరి ఇళ్లనూ సర్వనాశనం చేసిందని కథ. పేరంటాలమ్మ గుళ్ల కథలు విని పెరిగిన తెలుగువాళ్లకు ఇందులో వింతేమీ కనపడదు: అన్యాయంగా పోయిన ఆడమనిషి, ఊరికి పట్టుకున్న భయం, ఆ భయాన్ని శాంతింపజేయడానికి ఒక గుడి. ఇప్పుడు ఆ గుడి నిండా చెయ్యెత్తి పిలిచే పిల్లి బొమ్మలే, 10 వేలకు పైగా. కోర్టు కేసులు గెలవాలనుకునేవాళ్లు, పరీక్షలు రాసే పిల్లలు వెళ్లి మొక్కుకుంటారు. ఓడిపోయిన కేసులోంచి పుట్టిన దేవత గెలిపించే దేవత కావడంలో ఉన్న తర్కం మనుషులందరికీ తెలిసిందే.

తషిరోజిమా గుడిలో ఆ స్థాయి భయం లేదు. అలాగని బొత్తిగా లేదనీ చెప్పలేం. సముద్రం మీద బతికేవాడు ఒక ప్రాణిని అకారణంగా చంపి మర్నాడు పడవెక్కాలంటే కాళ్లు వణకడం సహజం. కథలో ప్రమాదాలు ఆగిపోయాయన్న మాట అందుకే ఉంది.

ఇక్కడిదాకా అపరాధమూ భయమూ. పిల్లి గుళ్ల వెనక మూడో తీగ కూడా ఉంది, అది కృతజ్ఞత. దాని మూలం చేప కాదు, ఎలుక. ఎడో కాలంలో జపాన్ పల్లెల్లో పట్టుపురుగుల పెంపకం పెద్ద ఆదాయ మార్గం. తట్టల్లో మల్బరీ ఆకు తింటూ కదలకుండా పడుండే పురుగు ఎలుకకు తేరగా దొరికే విందు. గూళ్లు కట్టాక కూడా వదిలిపెట్టదు. ఒక రాత్రి ఎలుకలు దూరితే ఆ విడత పంట మొత్తం పోయినట్టే. పిల్లి ఉన్న ఇంటికీ లేని ఇంటికీ తేడా ఏడాది చివర చేతికొచ్చే డబ్బులో తెలిసేది. పిల్లి దొరకనివాళ్లు పిల్లి బొమ్మ గీయించి గోడకు అంటించుకునేవారు. ఇప్పటి గున్మా ప్రాంతంలో ఇవామాత్సు వంశపు జమీందారులు నాలుగు తరాలు వరసగా పిల్లి బొమ్మలు గీసి ఇచ్చారు. పేరుకు గొప్ప వంశం, చేతిలో ఆదాయం అంతంతమాత్రం. రైతులకు ఆ బొమ్మలు ఎలుకల మీద రక్ష, దొరలకు అవి పూట గడిపే ఆసరా.

తషిరోజిమాలోనూ పట్టుపురుగులు పెంచారు. దీవిలో పిల్లులు పెరగడానికి మొదటి కారణం అదే. తర్వాత వేట కాలంలో బయటినుంచి వచ్చిన జాలర్లు రాత్రుళ్లు దీవిలో బస చేసేవారు. మిగిలిన చేప ముక్కల కోసం పిల్లులు వాళ్ల చుట్టూ చేరేవి. చూస్తూ చూస్తూ వాటి కదలికల్ని బట్టి వాతావరణం ఎలా ఉంటుందో, వలలో ఎంత పడుతుందో జోస్యం చెప్పుకోవడం అలవాటైంది. అంటే రాతి ముక్క తగిలేనాటికే పిల్లి ఆ ఊరి పనిలో భాగం. దారిన పోయే జంతువుకు దెబ్బ తగలడం వేరు, పనిలో తోడున్నదానికి తగలడం వేరు. మియాగి దక్షిణ భాగంలో, ముఖ్యంగా మరుమోరి చుట్టుపక్కల, పిల్లి బొమ్మ చెక్కిన రాళ్లు పదుల సంఖ్యలో దొరుకుతాయి. అవి పట్టు పల్లెల రాళ్లు. మన దగ్గర పిల్లి ఎదురొస్తే కాసేపు ఆగి బయల్దేరతాం. అక్కడ అదే పిల్లికి రాయి నిలబెట్టి మొక్కారు. తేడా నమ్మకంలో కంటే ఇంటి ఆదాయంలో ఎక్కువుంది.

ఈ పట్టు బంధం కళ్లకు కట్టినట్టు కనిపించే చోటు క్యోటో ప్రిఫెక్చర్ ఉత్తర కొసన ఉన్న క్యోటాంగో. అక్కడి మినేయామా ఊళ్లో 1811లో స్థాపించిన కోతోహిరా గుడి ఆవరణలో, పట్టు పనివాళ్లు కొలిచే కోనోషిమా అనే ఉపాలయం ఉంది. జపాన్ గుళ్ల ముందు సాధారణంగా సింహం లాంటి కుక్కలు జంటగా కాపలా కాస్తుంటాయి. ఒకటి నోరు తెరిచి, ఇంకొకటి మూసి. కోనోషిమా ముందు ఆ చోట రాతి పిల్లులు కూర్చున్నాయి. ఒకదాని పీఠం మీద 1832, ఇంకోదాని మీద 1846 నాటి తేదీ ఉంది. 14 ఏళ్ల ఎడం ఉన్నా జంట కుదిరింది. ఇచ్చింది రాజులు కాదు, పట్టునూలు వర్తకులు. టాంగో చిరిమెన్ అనే ముడతల పట్టుబట్టకు పేరుపడ్డ ప్రాంతం కదా, ఎలుక దూరితే ఎవరి పెట్టుబడి పోతుందో వాళ్లే పిల్లిని చెక్కించారు.

టోక్యో వెళ్లే తెలుగువాళ్లు పిల్లి గుడి చూశామంటూ పెట్టే ఫొటోల్లో తెల్లటి బొమ్మలు వందల కొద్దీ వరసగా కనిపించేది సెతగాయాలోని గోతోకుజి. అది బౌద్ధ ఆలయం, సోటో జెన్ శాఖది. చూడదగ్గ చోటే, కానీ ఈ చర్చలోకి రాదు. అసకుసా దగ్గరి ఇమాదో మాత్రం షింటో గుడే. చెయ్యెత్తిన పిల్లి బొమ్మ మా దగ్గరే పుట్టిందని ఈ రెండూ అంటాయి.

ఇప్పటి కాలంలో కొత్తగా పిల్లి దేవుడు పుట్టడం సాధ్యమా అంటే, పుట్టింది కూడా. వకయామా ప్రిఫెక్చర్‌లో 14 కిలోమీటర్ల కిషిగవా రైలు మార్గాన్ని నష్టాలు భరించలేక పాత కంపెనీ వదులుకుంది. 2006 ఏప్రిల్‌లో వకయామా ఎలక్ట్రిక్ రైల్వే దాన్ని చేపట్టింది. చివరి స్టేషన్ కిషిలో సిబ్బందిని తీసేశారు. స్టేషన్ పక్కన కొట్టువాళ్లు పెంచుకుంటున్న పిల్లులు ఉండే చోటును ఖాళీ చేయాల్సి రావడంతో, వాటిని స్టేషన్‌లో ఉండనివ్వమని కొట్టు యజమాని కంపెనీ అధ్యక్షుణ్ని అడిగారు. ఆయన వాటిలో ఒకటైన 'తమా' అనే మూడు రంగుల పిల్లిని 2007 జనవరిలో ఏకంగా స్టేషన్ మాస్టర్‌గా నియమించారు. దాని తలకు సరిపడే టోపీ కుట్టించారు. జీతం పిల్లి మేత. జనం రైలెక్కి మరీ చూడ్డానికి వచ్చారు. కన్సాయ్ విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త కత్సుహిరో మియామోటో లెక్క ప్రకారం ఆ ఒక్క ఏడాదిలో తమా వల్ల ఆ ప్రాంతానికి జరిగిన ఆర్థిక మేలు సుమారు 110 కోట్ల యెన్‌లు. 2010లో స్టేషన్ భవనాన్నే పిల్లి ముఖం ఆకారంలో తిరిగి కట్టారు.

తమా 2015 జూన్ 22న చనిపోయింది. ఆ నెల 28న షింటో పద్ధతిలో అంత్యక్రియలు జరిపితే దాదాపు 3 వేల మంది వచ్చారు. 'తమా దైమ్యోజిన్' అనే పేరుతో దాన్ని దేవతగా నిలిపారు. ప్లాట్‌ఫాం మీదే చిన్న గుడి కట్టారు. ఇది వ్యాపార ప్రచారం కాదా అని పెదవి విరిచేవాళ్లు ఉంటారు. అవును, ప్రచారమే. అయితే నూలు వర్తకులు రాతి పిల్లిని ఇచ్చిందీ, జాలర్లు వలలు నిండాలని మొక్కిందీ వ్యాపారం కోసం కాదా? ఒక మార్గం మూతపడకుండా నిలబడటానికి కారణమైన ప్రాణికి ఆ మార్గం మీదే గుడి కట్టడం పాత పద్ధతికి కొనసాగింపే. తేడా ఎక్కడుందంటే, తమా గుడిలో అపరాధం లేదు, ఉన్నదంతా ఆదాయమూ కృతజ్ఞతే. అందుకే అది కాస్త తేలిగ్గా అనిపిస్తుంది.

ఇదే వకయామా గడ్డ మీద చిన్న గుళ్ల కోసం ఒక పెద్ద పోరాటం జరిగింది. 1906 నుంచి ప్రభుత్వం ఊరికొక గుడి చాలన్నట్టు చిన్న గుళ్లను పెద్దవాటిలో కలిపేసింది. ఆ దెబ్బకు వేలకు వేల గుళ్లు, వాటితోపాటు వాటి చుట్టూ ఉన్న అడవులు పోయాయి. దాన్ని గట్టిగా ఎదిరించి జైలు దాకా వెళ్లినవాడు మినకతా కుమగుసు. బూజులూ శిలీంధ్రాల శాస్త్రవేత్త, ఆపైన పిల్లులంటే పడిచచ్చే మనిషి. తషిరోజిమా గూడు లాంటివి గుడిగా ఏ దస్త్రంలోనైనా లెక్కకొస్తాయా అన్నది వేరే సంగతి. వాటిని కాపాడాలంటే ముందు చెట్లను కాపాడాలన్నది కుమగుసు వాదన సారం.

పని పోయాక గుడి ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న. జపాన్‌లో పట్టుపురుగుల పెంపకం దాదాపు అంతరించింది. ఆ గుళ్లకు మొక్కేవాళ్లు ఎవరు? దీనికి టోక్యో పడమటి శివారు తచికావాలోని అజుసామి తెంజిన్ గుడి ఒక జవాబు. 1629 నాటి ఆ గుడి ఆవరణలో పట్టుపురుగుల్ని కాపాడే కోకగే అనే చిన్న గుడి ఉంది. ఎలుకల్ని పట్టే పిల్లికి అక్కడ సహజంగానే గౌరవం. 1980లలో జాజ్ పియానో విద్వాంసుడు యోసుకె యమషిత తప్పిపోయిన తన పిల్లి కోసం అక్కడ మొక్కుకుంటే అది తిరిగొచ్చింది. ఆయన ఆ సంగతి రాశాక ఆ చోటు తప్పిపోయిన పిల్లుల్ని ఇంటికి రప్పించే గుడిగా మారిపోయింది. ఇప్పుడక్కడ మొక్కు పలకల మీద కనిపించేవి పిల్లుల పేర్లు, వాటి రంగులు, ఏ రోజు నుంచి కనపడలేదన్న వివరాలు. ఎలుకల భయం పోయింది, ఇల్లు వదిలిన పిల్లి మీద బెంగ వచ్చింది. గుడి అదే.

తషిరోజిమాలో ఆ మార్పు సగం దారిలో ఉంది. 1950లలో వెయ్యి మంది దాకా ఉన్న దీవిలో ఇప్పుడు వంద మంది కూడా లేరు, ఉన్నవాళ్లలో అత్యధికులు వృద్ధులు. బడి 1989లో మూతపడింది. 2011 మార్చి 11 సునామీ రేవుల్ని, పడవల్ని, ఆయిస్టర్ (తినే ఆల్చిప్ప) పెంపకపు తెప్పల్ని ఊడ్చేసింది. గుడి లోపలి భాగంలో ఉండటంతో నిలిచింది. పిల్లుల్లోనూ చాలావరకు బతికిపోయాయి. ప్రభుత్వ సాయం కోసం కూర్చోకుండా జాలర్లు ఒక పథకం పెట్టారు: వాటా 10 వేల యెన్‌లు, బదులుగా పిల్లి బొమ్మల వస్తువులు, తర్వాత పంట చేతికొస్తే ఆయిస్టర్లు. దాదాపు మూడు నెలల్లో 15 కోట్ల యెన్‌లు జమయ్యాయి. లక్ష్యం నిండగానే వసూలు ఆపేశారు. కొత్త తెప్పలకూ పడవలకూ ఆ డబ్బే ఆధారమైంది. వల నింపిన పిల్లి కథను నమ్మనివాళ్లు కూడా ఈ రెండో కథను కాదనలేరు. ఇది బ్యాంకు ఖాతాలో నమోదైంది.

అయితే చేపల వేటకు పుట్టిన గుడి పర్యాటకుల గుడిగా మారడంలో చిక్కులున్నాయి. వచ్చేవాళ్లు చేతిలో ఉన్నదల్లా పిల్లులకు పెడతారు. మనుషుల తిండిలోని ఉప్పూ ఉల్లీ వాటికి హాని. అందుకే తిండి పెట్టొద్దని దీవివాళ్లు కోరుతున్నారు. కుక్కల్ని తేవద్దని అంతకు ముందునుంచే అంటున్నారు. గూటి ముందు నైవేద్యంగా తిండి వదిలితే కాకులూ పురుగులూ చేరతాయి, ఊడ్చేది డెబ్బై దాటిన చేతులు. ఒక నాణెం వేసి, రెండుసార్లు వంగి నమస్కరించి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మళ్లీ ఒకసారి వంగితే మొక్కు పూర్తయినట్టే. బొమ్మ పెట్టాలనిపిస్తే పెట్టొచ్చు గానీ, ఇప్పటికే అక్కడ చోటు తక్కువ.

దీవిలో కొట్లు దాదాపు లేవు కాబట్టి మంచినీళ్లూ భోజనమూ ఇషినోమాకిలోనే కొనుక్కోవాలి, చెత్త వెంట తెచ్చుకోవాలి. పడవలు రోజుకు కొన్నే. సముద్రం బాగా లేకపోతే అవీ ఉండవు. ఒడోమారిలో దిగి గుడి చూసుకుంటూ నిటోడాకు నడిస్తే వచ్చిన దారినే తిరిగి వెళ్లే పని తప్పుతుంది, పిల్లుల దగ్గర గడపడానికి మిగతా సమయమంతా మిగులుతుంది. ఈ వరసలో వెళ్తే ముందు గుడి, తర్వాత ఫోన్లు. చాలామంది దీన్ని తిరగేసి చేసి, నిటోడా పిల్లుల దగ్గరే చివరి పడవ వేళ చేసుకుని, గుడి చూడకుండా వెనక్కి వచ్చేస్తున్నారు.